పరుపు కింది పటం

యలహంకలో నా రాగి చేను కాజేసిన బిల్డర్ కొడుకు పునీత్ ఎంబీఏలో రియల్ ఎస్టేట్ చదువుతున్నాడు. ఆ చేనే తన ప్రాజెక్టట. నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు.

“తాతా, మీ దగ్గర పాత పటమేమన్నా ఉండాదా? అక్కడ నీళ్లు నిలుస్తాయా?”

“పటం లేదప్పా. చుక్క నిలవదు. రాసుకో.”

రాసుకున్నాడు. ఆ చేను కింద పూడిపోయిన వరద కాలువ గీత ఉన్న పటం నా పరుపు కిందే ఉంది.

రెండేళ్లకు అక్కడ అపార్ట్‌మెంటు లేచింది. పునీత్ మైసూర్‌పాకు తెచ్చాడు.

“నా రిపోర్టే మా బ్రోచర్ తాతా! అందులో మీ మాట చదివి మీ మనవరాలు అర్పిత కింది అంతస్తులో ఫ్లాట్ కొనింది. బిడ్డతో నిన్ననే దిగింది. సర్‌ప్రైజ్, మీకు చెప్పొద్దనింది.”

నేను పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి పటం బయటికి లాగాను. బయట వాన ఊపందుకుంది.