చెవులు కుట్టిన బూట్లు

"రెండోది కూడా విప్పు తమ్ముడూ," అన్నాడు బకెట్టు ముందు కూర్చున్న మనిషి.

గనిలో నీళ్లు తోడే పంపు డ్రైవరు రెండో బూటు కూడా విప్పి ఇచ్చాడు.

గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గది వరండాలో ఆ కొత్త మనిషి పొద్దున్నే పీట వేసుకు కూర్చున్నాడు. ముందు నీళ్ల బకెట్టు, పక్కన గోనెసంచి. వచ్చినవాడి బూటు పుచ్చుకుని మడమ మునిగేదాకా నీళ్లలో పెడతాడు. తర్వాత లోపలికి చేయి పెట్టి చూస్తాడు. చేతికి తడి తగిలితే ఆ బూటు పక్కన పడేస్తాడు. పెద్దాఫీసు నుంచి తనిఖీకి వచ్చాడని ఒకరు, యజమాని వేగు అని ఇంకొకరు గుసగుసలాడారు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. బకెట్టాయన అని పేరు మాత్రం అప్పటికే పెట్టేశారు.

ఆ గనిలో రబ్బరు బూట్లకు బొక్కలుండటం వింతేమీ కాదు. పైకప్పు నుంచి కారే నీళ్లు పిక్కల మీదుగా బూట్లలోకి దిగుతాయి. దిగినవి బయటికి పోవు. షిఫ్టు అయ్యేసరికి పాదాలు నానిపోయి తోలు ఊడొస్తుంది. అందుకని కొత్త బూట్లు చేతికి రాగానే మేకు ఎర్రగా కాల్చి మడమ పక్కన రెండేసి బొక్కలు పొడుచుకుంటారు. దానికి చెవులు కుట్టడమని ముద్దుపేరు. కొత్తగా చేరినవాడికి ఆ పని పాతవాళ్లే చేసిపెడతారు. అదొక మర్యాద.

కిందటి నెల గోడకు నోటీసు అంటించారు. సొంత బూట్లు పాడుచేసుకున్నవాడికి వారం సస్పెన్షను. పక్కవాడి బూట్లు పాడుచేసినవాడికి ఉద్యోగమే ఉండదు.

పంపు డ్రైవరు దాన్ని రెండుసార్లు చదివాడు. అయినా, వారం కిందట పనిలో చేరిన బావమరిది బూట్లకు వంటింట్లో కూర్చుని తనే చెవులు కుట్టాడు. తమ్ముడి కాళ్లు నానిపోతాయని బెంగపడి, స్టవ్ మీద మేకు కాల్చి ఇచ్చింది భార్యే.

ఆ బావమరిది ఇప్పుడు లైను చివర నిలబడి ఉన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరు కుట్టారని అడిగితే చాలు, మా బావేనని గర్వంగా చెప్పేస్తాడు.

బకెట్టాయన తడి వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పంపు దగ్గరేనా నీ పని?"

"అవునండి."

"కరెంటు కేబుల్ నేల మీదే ఉంటుందా?"

"ఉంటుందండి."

"నీళ్లు పోయే దారిలోనే కరెంటూ వస్తుంది తమ్ముడూ."

ఆయన గోనెసంచిలోంచి ఒక కొత్త జత తీసి ఇచ్చాడు. కాలికి అచ్చంగా సరిపోయింది. తన పేరు ఎక్కడ రాసుకుంటాడోనని పంపు డ్రైవరు చూస్తున్నాడు. ఆయన ఏమీ రాసుకోలేదు. గొంతు తగ్గించి ఒక్క మాట అడిగాడు.

"ఇంకెవరికైనా కుట్టావా?"

పంపు డ్రైవరు లైను చివరికి చూడబోయి ఆపుకున్నాడు.

"లేదండి."

ఆయన అలాగే మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఈయనకు అంతా తెలిసిపోయిందనుకున్నాడు పంపు డ్రైవరు.

బావమరిది వంతు రావడానికి ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. పంపు డ్రైవరు మెల్లగా జారుకుని సూపర్‌వైజరు గదికి వెళ్లాడు. బయటి మనిషెవరో అందరినీ ఆపేసి షిఫ్టు ఆలస్యం చేస్తున్నాడని, దగ్గర కాగితమేమైనా ఉందో లేదో అడగమని చెప్పాడు. సూపర్‌వైజరుకు ఆలస్యం అన్న మాట ఒక్కటి చాలు.

ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. ఏ ఆఫీసూ ఆయన్ని పంపలేదు. వాచ్‌మన్ రెక్క పుచ్చుకుని లేపేసరికి బకెట్టు దొర్లి వరండా అంతా నీళ్లయ్యాయి. ఆయన తిట్టలేదు, గింజుకోలేదు. మిగిలినవాళ్లవి కూడా చూడనివ్వండి, అయిదు నిమిషాలు చాలని గేటు దాకా బతిమాలుతూనే వెళ్లాడు.

పంపు డ్రైవరు హమ్మయ్య అనుకున్నాడు. బావమరిది భుజం మీద చెయ్యి వేసి గనిలోకి దింపుకుపోయాడు.

దారి పొడవునా అతని కళ్లు వాడి కాళ్ల మీదే ఉన్నాయి. వెనక్కి పంపేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. ఎందుకు పంపావని పైన అడుగుతారు. ఆ జవాబుకు ఉద్యోగం పోతుంది. పంపు దగ్గరికి చేరాక మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఆ చెక్క మీదే నిలబడు. కిందికి దిగకు."

"ఏంటి బావా, ఇవాళ నన్ను చంటిపిల్లాణ్ణి చేశావ్?" అని వాడు నవ్వాడు.

రెండు గంటలు గడిచాక పంపు మొరాయించింది. నీళ్లు కేబుల్‌ను ముంచి చెక్క అంచుదాకా వచ్చాయి. పంపు డ్రైవరు అటు తిరిగి పానా వెతుకుతుంటే, వాల్వు తిప్పుదామని వాడు చెక్క దిగాడు.

"బావా" అన్నాడు. అంతే.

పంపు డ్రైవరు అవే నీళ్లలోకి ఉరికి స్విచ్ కట్టేశాడు. చీలమండలు మునిగిన నీళ్లలో తను నిలబడే ఉన్నాడు. తనకు ఏమీ కాలేదు. కాళ్లకు ఉన్నవి బకెట్టాయన ఇచ్చిన బొక్కల్లేని బూట్లు.

పైకి తెచ్చేసరికి వాడి చేతులు చల్లబడిపోయాయి.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పంపు డ్రైవరుకు ఇంటికి వెళ్లాలంటే భయం వేసింది. భార్య మొహం ఎలా చూడాలి? అడుగులు గేటు వైపు పడ్డాయి. ఆ బకెట్టాయన కాళ్ల మీద పడితే, ఆయన నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది.

ఆయన లేడని వాచ్‌మన్ చెప్పాడు. పొద్దున్నుంచీ గేటు బయట ఎండలోనే కూర్చున్నాడట. సైరన్ మోగగానే లేచి, పంపు దగ్గరేనా అని అడిగాడట. అవునని విని, సంచీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడట.

"ఎవరాయన?" అన్నాడు పంపు డ్రైవరు.

వాచ్‌మన్ తల వంచుకున్నాడు. గేటు బయట కూర్చున్నప్పుడు చెప్పాడట. ఆయనా ఒకప్పుడు పంపు డ్రైవరేనట, ఇంకో గనిలో. కొత్తగా పనిలో చేరిన ఒక్కగానొక్క కొడుకు బూట్లకు, మేకు కాల్చి, తన చేత్తోనే చెవులు కుట్టాడట.