మూడింటిదాకా కొట్టుకున్న గుండె

ఎలిసేయో పట్టపగలు పన్నెండింటికి, స్పెయిన్ దేశంలోని సెవిల్లెలో మేము కడుతున్న భవనం పైకప్పు మీద, వడదెబ్బకు పడి ప్రాణం విడిచాడు. ఎండలో కూలీల గుండె వేగాన్ని గమనించడానికి కంపెనీ ఇచ్చిన చేతిపట్టీ మాత్రం, అతని గుండె మూడింటిదాకా నిమ్మళంగా కొట్టుకుందని చూపింది. ఎండ తప్పేమీ లేదంటూ కంపెనీ ఆ గీతల కాగితాన్ని అతని భార్య రెమెదియోస్ చేతిలో పెట్టింది.

ఆమె దాన్ని మా ప్రార్థన కూటానికి తెచ్చింది.

"పన్నెండు నుంచి మూడు. ప్రభువు సిలువ మీద ఉండగా చీకటి కమ్మిన గడియలే కదన్నా," అంది నాతో. "పడిపోయిన మనిషి గుండెను దేవుడే పట్టుకున్నాడు. వాక్యం చెప్పేవాడివి, లేచి సాక్ష్యం చెప్పు."

కూటమంతా స్తోత్రం అంది.

నేను లేచాను. అబద్ధికుడి వాటా మండే గుండమేనని ఆ కూటంలోనే బల్ల గుద్ది ఎన్ని ఆదివారాలు గర్జించానో.

"ఇది అద్భుతం కాదమ్మా. ఎండకు గుండె దడ హెచ్చి పట్టీ మూడుసార్లు ఎర్రబడితే ఆ మనిషిని మళ్ళీ పనికి పిలవరు. ఎలిసేయోది అప్పటికే రెండుసార్లు ఎర్రబడింది. 'బావా, ఇది ఉత్త చాడీకోరు, నువ్వు కట్టుకో, నీదెలాగూ కూర్చునే పని' అన్నాడు. ఒకరి భారం ఒకరు మొయ్యాలని వాక్యం చెప్పి మరీ కట్టుకున్నాను. నేను క్రేను మీద, చల్లటి అద్దాల గదిలో ఉంటాను. ఆ కాగితంలో ఉన్నది, మూడింటికి కిందికి దిగి పట్టీ విప్పేదాకా కొట్టుకున్న నా గుండె."

రెమెదియోస్ గీతల మీద పన్నెండు దగ్గర వేలు పెట్టింది.

"పైనుంచి అతను నీకు కనిపిస్తూనే ఉంటాడు కదన్నా. పడ్డప్పుడు కూడా నీ గుండె ఇంత నిమ్మళంగానే ఉందా?"