భయం కోటు

పార్సిల్ వ్యాన్లను దారికాచి దోచేవాళ్లు మరీ ఎక్కువైపోయాక, కంపెనీ తన డ్రైవర్లందరికీ భయం కోట్లు తొడిగింది. లోపల గుండె దడదడలాడితే చాలు, కోటు "దొంగ! దొంగ!" అని కేకలేస్తుంది. పైనున్న డ్రోను దగ్గర్లో ఎవరుంటే వాళ్ల మీద వల విసురుతుంది.

ఆ డ్రైవర్లలో ఒకడైన సన్యాసిరావు మెడ మీద దొంగలు ఒకసారి కత్తి పెట్టారు. అప్పట్నుంచీ బల్లి చప్పుడుకే అతని కోటు అరిచేది. కిందటి వారం ఒక కోడిపుంజు వలలో పడి, పోలీసుస్టేషను దాకా వెళ్లొచ్చిందంటే నమ్మండి.

ఒక రోజు సన్యాసిరావు గవరయ్య తాతకు మందుల పార్సిలిచ్చి, తన టోపీ అక్కడే మరిచిపోయి బయల్దేరాడు. తాత దాన్ని పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి, భుజం మీద చెయ్యేశాడు. కోటు అరిచింది. తాత మీద వల పడింది. వీధి వీధంతా బయటికొచ్చింది.

"తలకాయ మర్సిపోనావని తెచ్చాన్రా బాబూ!" అన్నాడు తాత వలలోంచి.

వల ఊడాలంటే, "ఈయన దొంగ కాదు, నేనే ఊరికే భయపడ్డాను" అని డ్రైవరు కోటుకు చెప్పాలి. చెబితే పిరికివాడని కంపెనీ వ్యాన్ లాగేసుకుంటుంది. చెప్పకపోతే తాతను పోలీసులు పట్టుకుపోతారు. సన్యాసిరావు తన వ్యాన్ వైపు చూశాడు. తాత అతని మొహంలోకే చూశాడు.

చివరికి సన్యాసిరావు ఆ మాట గొణిగాడు.

"వినపడలేదు. గట్టిగా చెప్పండి," అంది కోటు.

"నాకు ఇనపడిందిలే, సాలు," అన్నాడు తాత.

కోటుకు చాలలేదు. సన్యాసిరావు వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. వల జారిపోయింది.

ఈగ జారిపడినా పడీపడీ నవ్వే వీధి అది. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. మొహాలు పక్కకి తిప్పుకుని, ఏమీ విననట్టే, ఎవరిళ్లలోకి వాళ్లు వెళ్లిపోయారు.