కళ్ళజోడు లేని ఫొటో

"ఇందాకటి పెద్దాయన పనికిరాడు. కంట్లో చుక్క నీళ్ళు లేవు. ఇంకెవరైనా ఉన్నారేమో చూడవయ్యా," అన్నాడు పెద్ద లాయరు.

ఫొటోగ్రాఫరు హాల్లో నిలబడ్డ వరసని పైనుంచి కిందికి పరికించాడు. ఉచిత న్యాయ సలహా శిబిరం మొదలై నాలుగు గంటలైంది. లాయర్లు ఇప్పటిదాకా ఇచ్చిన సలహాలు రెండే. వరసలో నిలబడండి. కెమెరా వైపు చూడండి.

శిబిరం దేనికో ఆ లాయర్ల ఆఫీసులో అందరికీ తెలుసు. ఏటా వేసే రంగుల పుస్తకం కోసం. మొదటి సగం 'మా విజయాలు', రెండో సగం 'మా సమాజ సేవ'. ఎల్లుండికి ప్రెస్సుకి వెళ్ళాలి. విజయాలు నిండిపోయాయి, సేవే దొరకడం లేదు. పోయినేడు మొక్కలు నాటిన ఫొటోలు వేశారు. అయిదుగురు లాయర్లు, అయిదు ఫొటోలు, ఒకటే మొక్క.

కోర్టు వరండాల్లో పెద్ద లాయర్ని చాటుగా 'ఫ్రేముగారు' అంటారు. ఆయన గదికి ఏ రంగు వేశారో ఎవరికీ తెలియదు. గోడలనిండా ఆయనే ఉంటాడు.

"విజయాల్లో ఆ గోడౌన్ కేసు ఎలా రాశావు?" పక్కన లాప్‌టాప్ పెట్టుకు కూర్చున్న జూనియర్ని అడిగాడు.

"'మా క్లయింటు ప్రతివాది. పది నెలలపాటు ఆయనకి సమన్లు అందకుండా చూసి, కేసు కొట్టేయించాం' అని రాశాను సార్."

"మరీ అంత పచ్చిగానా తల్లీ! 'లోతైన న్యాయ పరిజ్ఞానంతో' అని మార్చు. అయినా సమన్లు చేతికందనివాడు ప్రతివాది ఎలా అవుతాడు?"

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. జూనియర్ నవ్వలేదు. మార్చింది.

"బాబూ, పెద్ద లాయరుగారంటే మీరేనా?"

యాభై దాటిన మనిషి. వెలిసిపోయిన బట్టలు. ప్లాస్టిక్ సంచీని గుండెకి హత్తుకుని నిలబడింది.

"నేనేనమ్మా. చెప్పు."

"మీ ఆఫీసుకి నాలుగుసార్లొచ్చాను. సారు ఊళ్ళో లేరన్నారు."

"సవాలక్ష పనులుంటాయి కదమ్మా. ఏమిటి సంగతి?"

"ఇల్లు బాబూ. మా ఆయన ఇంటి కాగితాలు నమ్మి ఒకాయన చేతిలో పెట్టాడు. ఈయన పోయాక చూస్తే, ఇల్లు ఆ మనిషి పేరుకి మారిపోయి ఉంది. ఉన్నదల్లా ఆ రెండు గదులే..."

ఆమె కళ్ళు నిండాయి.

"సార్, ఈవిడ బాగుంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసింది. "ఇది ఇవాళ అయిదులోపు మీ చేతికే ఇవ్వాలి బాబూ. దాటిపోతే కేసూ ఉండదు, ఇల్లూ ఉండదు."

"నా చేతికే?" ఆయన పూరీలా పొంగాడు. "విన్నావా తల్లీ, జనానికి మనమీద ఎంత గురో! ఇది రాసుకో."

"సార్, ఆ కాగితమేమిటో ఒక్కసారి చదివితే..." అంది జూనియర్.

"చదవడానికి ఆఫీసుంది. ఇక్కడ వెలుతురు పోతోంది."

"కళ్ళజోడు తీసేయండి సార్, లైటు మెరుస్తోంది," అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయన తీసి జేబులో వేసుకున్నాడు. "కాగితం కాస్త పైకెత్తండి. కోర్టు ముద్ర ఫొటోలో పడితే నిజంగా పని చేసినట్టుంటుంది. అమ్మా, మీరు చేతులు జోడించండి."

"ఎందుకు బాబూ? ఇస్తే చాలదా?"

"ఫొటోకమ్మా, ఫొటోకి!"

జోడించింది. పెద్ద లాయరు పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. కెమెరా క్లిక్కుమంది.

"ఇప్పుడు పెన్ను పట్టుకుని ఒకటి సార్."

ఆమె గబుక్కున రెండో కాగితం ముందుకి జరిపింది. "అయితే ముట్టినట్టు దీనిమీద సంతకం పెట్టండి బాబూ. తేదీ కూడా."

"ఏమ్మా, నామీద నమ్మకం లేదా?"

"మళ్ళీ వస్తే మీరు ఊళ్ళో ఉండరు కదా."

హాలంతా గొల్లుమంది. ఆయన కళ్ళు చికిలించి, సినిమా హీరో ఆటోగ్రాఫ్ ఇచ్చినట్టు బరబరా గీకేశాడు. తర్వాత కెమెరా వైపు తిరిగి వేలు చూపించాడు. "ఈ తల్లిని మోసం చేసినవాణ్ణి కోర్టుకి ఈడ్చేదాకా నేను నిద్రపోను!"

"అంతే చాలు బాబూ," అందామె. "ఆ ఫొటో నాకూ ఒకటిస్తారా?"

"ఇచ్చెయ్యవయ్యా. గోడకి తగిలించుకుంటుంది పాపం."

ఫొటోగ్రాఫరు పక్కనున్న చిన్న మెషీన్లో ప్రింటు తీసి ఇచ్చాడు. కింద మూలన తేదీ, టైము. ఆమె దాన్ని తడి ఆరేదాకా ఊది, సంతకం పెట్టిన కాగితంతో కలిపి సంచీలో పెట్టుకుని బయటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

ఆమె ఇచ్చిన కాగితం బల్లమీదే ఉండిపోయింది. దానిమీద టీ గ్లాసు పెట్టి, పెద్ద లాయరు కేకేశాడు. "తర్వాత చంకలో బిడ్డ ఉన్నవాళ్ళని చూడవయ్యా!"

కోర్టు రెండు వీధుల అవతల. ఆమె కౌంటరు దగ్గరికి చేరేసరికి అయిదుకి పది నిమిషాలుంది.

గుమాస్తా తలుపు దగ్గరికి వేయబోతున్నవాడు ఆగాడు. ఆమె అందించిన రసీదు కాగితం తిప్పి చూశాడు. సంతకం ఉంది. తేదీ ఉంది. గడియారం చూసి, ముద్ర వేశాడు.

"దీనికి తోడు ఇంకేమైనా ఆధారం ఉందా అమ్మా?"

ఆమె ఫొటో తీసి కౌంటరు మీద పెట్టింది. గుమాస్తా దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ప్రతివాది భలే నవ్వాడమ్మా!"