అద్దానికి గొడుగు

"కారు అద్దం అంత నల్లబడిందేమిటి? లోపల పిల్లకు ఊపిరాడుతోందో లేదో!" అంటూ తల్లి గేటు దాకా పరుగెత్తింది.

"అది ఎండకు నల్లబడే అద్దం వదినా. పిల్ల కమిలిపోతుందని నువ్వే పట్టుబట్టి వేయించావు," అంది ఆడపడుచు వరండాలోంచి. "కాసేపు నీడ పడితే అదే తేటపడుతుంది."

కూతురు టాక్సీ నడపడం ఇవాళే మొదలుపెట్టింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చి, కారాపి, దిగకుండా కూర్చుంది.

తల్లి గొడుగు తెచ్చి కారు అద్దానికి పట్టింది. తన నడినెత్తి మాడిపోతోంది.

"ఎవరినైనా గుద్దావా తల్లీ? బ్రేకులు పడలేదా? పోలీసులు పట్టుకున్నారా?"

తల్లి అద్దానికి చెవి ఆనించింది.

"నేను ఫోన్ చేసినందుకా? చేసింది మూడుసార్లేగా!"

"పదకొండు," అంది ఆడపడుచు. "పక్కనే కూర్చుని విన్నాను."

మోగుతున్న ఫోనూ, స్టీరింగ్ వదిలి దానివైపు చాచిన పిల్ల చెయ్యీ తల్లి కళ్ళకు కట్టాయి. రోడ్డు మీద ఎన్ని ప్రమాదాలుంటాయో పొద్దున గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టిన మహాతల్లి, అందులో తనను చేర్చడం మరిచిపోయింది.

"ఆ మోతకు విసుగెత్తి, ఎక్కినవాళ్ళు మధ్యలోనే దిగిపోయారా?" గొంతు తగ్గించి అడిగింది. "నా మూలానేనా?"

గొడుగు నీడలో అద్దం మెల్లగా తేటపడింది. కూతురు తననే చూస్తోంది. ఎప్పట్నుంచి చూస్తోందో!

అద్దం కిందికి దిగింది.

"అవునమ్మా. రేపట్నుంచి నేను భోజనానికి ఆగినప్పుడు ఒక్కసారి చెయ్యి, చాలు. ముందు ఆ గొడుగు నీ నెత్తిన పెట్టుకో."