పెట్టెలో అప్పన్న

"ఒక్క గీతైనా పడలేదు, సూసినావా!" కూతురి కంప్యూటర్ పెట్టె విప్పుతూ మురిసిపోయాడు గోవిందరావు. విశాఖలో ప్యాక్ చేసి, కూతురుండే ఈ పరాయి రాష్ట్రానికి లారీలో వేసింది ఆయనే.

"మరి లోపలంతా ఈ తడేటి నాన్నా? కొబ్బరినీళ్ల వాసనొస్తంది," అంది సత్యవాణి. "పెట్టె మీద ఏటి రాసినావు?"

"గాజు సామానని రాస్తే ఇసిరేస్తారని, సింహాద్రి అప్పన్న విగ్రహం అని రాసినాను."

"ఇక్కడి గోల్‌బజార్ లారీ గోదాములో హమాలీలు మన విశాఖ వైపోళ్లే కదా! అభిషేకం సేసేసినారు. ఉండు, డ్యామేజీ కంప్లైంట్ ఇస్తాను."

అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఆ హమాలీలే, పిల్లాపాపలతో, హారతి పళ్లెంతో నిలబడ్డారు.

"బాబూ, సామి దర్శనం?"

గోవిందరావు దుప్పటి లాగి కంప్యూటర్ మీద కప్పేశాడు.

"ఇంకా తడి ఆరలేదు నాయనా, రేపు రండి!"