మనం ఎప్పుడూ దిగే గది

తలుపు మళ్లీ చప్పుడైంది. కోడలు పాప నోటి మీద చెయ్యి ఉంచి ఊపిరి బిగబట్టింది.

"నేనేనమ్మా. ఒక్కదాన్నే వచ్చాను." అత్తగారి గొంతు.

గొలుసు తియ్యకుండానే కోడలు తలుపు బెత్తెడు తెరిచింది. "నేను రానత్తయ్యా. ఈసారి చెయ్యి విరిచాడు. ఇంకోసారి ప్రాణం తీస్తాడు."

"నిన్ను రమ్మన్నానా? బుద్ధుందా నీకు? మొగుడికి భయపడి పారిపోయి, ఏ పెళ్లికొచ్చినా మనం దిగే హోటల్లో, అదే గదిలో దాక్కుంటావా?"

కోడలు గదంతా కలయజూసింది. వెలిసిపోయిన పూల కర్టెన్లు, ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి, గోడకు పాతకాలపు ఫోను. నిన్న కంగారులో, తెలిసిన చోటు కదా అని, కాళ్లు ఎటు తీసుకొస్తే అటే వచ్చేసింది.

"నాకు తట్టింది వాడికి తట్టడానికి ఎంతసేపు? నిన్న రాత్రంతా మీ అన్నయ్య ఇంటి చుట్టూ తిరిగాడు. ఇవాళ ఐదింటికి వాడి ఆఫీసు వదులుతారు. పాపకి చెప్పులు తొడుగు."

కోడలు గొలుసు తీసింది. "మీరు ముందు ఇంటికెళ్లండత్తయ్యా. మీరు కనపడకపోతే అనుమానిస్తాడు."

అత్తగారు కదల్లేదు. ఆమె కాళ్ల దగ్గర బట్టలతో ఉబ్బిన సంచి ఉంది. పాపను ఎత్తుకోబోతే అత్తగారి ముంజేతి మీద కమిలిన వేళ్ల అచ్చులు కనిపించాయి.

"నువ్వొచ్చేశాక ఆ ఇంట్లో మిగిలింది నేనే కదే, పిచ్చిదానా."